అత్త పాటకు పెట్టిన ఎర్రపోగు

మా నాయిన మగ్గం ఆపి, అడ్డపోగు వేసే నాడెను గుడ్డ మీద పెట్టి, తల తిప్పకుండానే అన్నాడు:

"అక్కా, ఇగ నువ్వు పాడకు."

రాట్నం ఇంకా తిరుగుతోంది. మా మేనత్త చక్రం అంచుకు అరచెయ్యి ఆనించి దాన్ని ఆపింది. ఎడమచేతి వేళ్ళ మధ్య నూలుపోగు తెగకుండా అలాగే ఉంది. ఎందుకని అడగలేదు.

"గట్లనే తమ్మీ," అంది.

కాసేపటికి రాట్నం మళ్ళీ మొదలైంది. నాయిన నాడె విసిరాడు. పొద్దు బారెడెక్కింది, గవాక్షం నుంచి వచ్చిన ఎండ పడుగు మీద పడుతోంది. అంతకు ముందు రోజు, ఆ ముందు రోజు ఎలా ఉందో ఆ రోజూ కొట్టం అలాగే ఉంది, పాట ఒక్కటే లేదు. ఆ పొద్దు తర్వాత మా అత్త మా ఇంట్లో మళ్ళీ పాడలేదు.

పక్క మగ్గం గుంటలో నేను కూర్చుని ఉన్నాను. అప్పటికి నాకు ఇరవై నిండలేదు. ఆ మాట అన్నది నాయినే అయినా, ఆయన చేత అనిపించింది నేను. ఎలా అనిపించానో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మాది ఆత్మకూరుకు నాలుగు కోసుల దూరంలో, కృష్ణకు ఇవతలి గట్టున ఉన్న ఊరు. ఊరంతా జొన్న, ఆముదం పండించే కాపుదనం. మా వాడలో మాత్రం ఇరవై ముప్పై మగ్గాలు ఆడేవి. ముతక నూలు చీరలు నేసేవాళ్ళం. మా కొట్టంలో రెండు మగ్గాలు. పెద్దది నాయినది, రెండోది నాది. గంజి కాచడం, పడుగుకు పెట్టడం అమ్మ పని. నాడెలోకి పోయే కండెలకు నూలు చుట్టడం అత్త పని. మగ్గాలకు ఎదురుగా, గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకొని ఆమె రాట్నం తిప్పేది.

అత్త నాయినకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. వాళ్ళ అమ్మ తొందరగా పోవడంతో తమ్ముణ్ణి చంకన వేసుకొని పెంచింది ఆమే. ఆమెను కేతేపల్లికి ఇచ్చారు. నల్లగొండ అవతల, అంత దూరం పిల్లను ఇవ్వడం మా వాళ్ళలో లేదు. మా నాయనమ్మ పుట్టిల్లు అటువైపు కాబట్టి ఆ సంబంధం కలిసింది. పెళ్ళయి చాలా ఏళ్ళు గడిచాక, పిల్లలు లేకుండానే, ఆమె భర్త మిల్లులో పని చూసుకుంటానని షోలాపూర్ పోయాడు. మొదట ఒక కార్డు వచ్చింది. రెండోది రాలేదు. వెతకడానికి పోయినవాళ్ళు ఒకరు ఉన్నాడన్నారు, ఒకరు లేడన్నారు. ఒకరు అక్కణ్ణుంచి బొంబాయి పోయాడన్నారు. మూడేళ్ళు అత్తగారింట్లో చూసి చూసి ఆమె మా ఇంటికి వచ్చేసింది. బొట్టు ఉంది, గాజులున్నాయి, కాలికి మట్టెలున్నాయి. మనిషి లేడు. పండక్కి ఆమెను ముందు కూర్చోబెట్టాలో వెనక కూర్చోబెట్టాలో వాడలో ఆడవాళ్ళకు ఎప్పుడూ తెలిసేది కాదు. ఆ ఇబ్బంది వాళ్ళకు ఎందుకని ఆమే పోవడం మానేసింది.

పాట ఆమె వెంట కేతేపల్లి నుంచే వచ్చింది.

మా దిక్కున ఎవరైనా పోతే ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తారు. శోకం పెట్టడం అంటారు. ఒక్కో చరణంలో పోయినవాడి సంగతి ఒకటి చెప్పుకొని, చివర వాడిని పిలుస్తారు. ఓ నా కొడుకో అని తల్లి, ఓ నా తమ్మో అని అక్క. ఆ పిలుపు దగ్గర గొంతు పైకి లేస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళకు కన్నీళ్ళు దుమికేది అక్కడే. అత్త పాడేది ఆ శోకపు రాగమే. మా దిక్కు రాగంకంటే నెమ్మది, సాగతీత ఎక్కువ. వాడలో దాన్ని "నల్లగొండ రాగం" అనేవాళ్ళు. మాటలు ఆమెవే.

"చెప్పులిడ్సి పోతివి గడప కాడ,
తొడుగ రాకపాయె, తీయ రాకపాయె..."

ఇంకో చరణంలో, ఆయన అంగి ఉతికి దండెం మీద వేసిందట, ఎన్ని ఎండలు పోయినా తడి ఆరలేదట. ప్రతి చరణం చివర పిలుపు రావలసిన చోట ఆమె పిలిచేది కాదు. నోరు మూసుకొని గొంతులోనే ఆ రాగాన్ని నడిపి, మళ్ళీ మొదటికి వచ్చేది. పిలిస్తే మనిషి పోయినట్టే. పోయాడని చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

అమ్మకు ఇది భయంగా ఉండేది. "వదినె, సల్లంగ సంసారం నడిశే ఇంట్ల గా రాగం ఎందుకే. ఇల్లు ఇనుకుంటది," అనేది. అత్త నవ్వేది. "ఇల్లు ఇన్నా మంచిదే. మనిషైతే ఇంటలేడు గదా."

కానీ మనుషులు వినేవాళ్ళు. మధ్యాహ్నం జొన్నరొట్టె తిని పని సందు దొరికిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మా కొట్టం గడపలో కూర్చునేవాళ్ళు. ఏరుకోవడానికి కందులు చాటలో తెచ్చుకునేవాళ్ళు, చాట ఒళ్ళో అలాగే ఉండేది. వాళ్ళలో ఒక కాపు ముసలామె ఉండేది. చేతికందిన కొడుకు బావిలో పడి పోయినప్పుడు ఆమె ఏడ్వలేదని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. మా గడపలో కూర్చుని, ఎవరి మొగుడి చెప్పుల గురించో పాడిన పాటకు ఆమె కళ్ళు తుడుచుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఆమె కోడలు ఒకరోజు మా మేనత్తతో అంది:

"ఒదినా, నీ పాట ఇన్న దినం మా అత్తకు కోపం రాదు. ఇంటికొచ్చి ఇంత గటక గూడ ఎక్కువ తింటది. దినాం రమ్మంటవా?"

"తోల్కరా. ఏడ్వనీకె కూలి అడగకుంటె సాలు," అంది అత్త.

నాయిన మగ్గంలోంచే అందుకునేవాడు. "మా అక్క పాటకు మొగులు కరిగి వాన వడ్డా బాగుండు. ఈడ కరిగేది మీ కండ్లే. జొన్నకేం ఫాయిదా లేదు."

అందరూ నవ్వేవాళ్ళు. నవ్వి, మళ్ళీ పాడమనేవాళ్ళు. దుఃఖపు పాట వినడానికి పని మానుకొని ఎందుకొస్తారని అప్పుడు నాకు వింతగా ఉండేది. గడపలో కూర్చున్నంతసేపు ముఖాలు ముడుచుకుపోయేవి, లేచిపోయేటప్పుడు నడక తేలికగా ఉండేది. ఆ తేలిక మా మగ్గాలకు మాత్రం రాలేదు. పాట అయిపోయాక కూడా అది కొట్టంలోనే ఉండేది. నాయిన మాట్లాడేవాడు కాదు. నా కాళ్ళు బరువుగా తొక్కేవి. రెండు మగ్గాల చప్పుడూ మాకు తెలియకుండానే పాట నడకలోకి వచ్చి, ఒకే అడుగున, నెమ్మదిగా, సాయంత్రం దాకా అలాగే నడిచేది.

ఆ ఏడు వానాకాలం అయిపోయాక చీరలు తిరిగి రావడం మొదలైంది.

నేసిన గుడ్డను మేం ఆత్మకూరులో సొసైటీకి ఇచ్చేవాళ్ళం. అక్కడ గుడ్డ చూసే మనిషి ఒకాయన ఉండేవాడు. చీర మడత విప్పి, రెండు చేతులా పైకెత్తి, ఎండకు అడ్డం పెట్టి చూసి, బాగుంటే మూలన ముద్ర వేసేవాడు. మా నాయిన గుడ్డకు ఆయన చాలాసార్లు విప్పకుండానే ముద్ర వేసేవాడు. ఆ రోజు ఎందుకో విప్పాడు. గుడ్డ నడుమ నాలుగువేళ్ళ వెడల్పున ఒక పట్టీ పలచగా ఉంది. అందులోంచి ఎండ కారుతోంది. ఇంకో గజం దూరంలో ఇంకొకటి.

"ఏంది పెద్దమనిషీ, చీర నేసినవా, జల్లెడ నేసినవా?" అన్నాడు. క్యూలో ఉన్న నేతగాళ్ళు నవ్వారు. నాయిన కూడా నవ్వాడు. చీర మడిచి చంకలో పెట్టుకొని ఇంటి దారి పట్టాడు.

నేత తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. అడ్డంగా వేసిన ప్రతి పోగునూ పన్నెతో, అంటే దువ్వెనలా పళ్ళున్న పలకతో, ఒక దెబ్బ కొట్టి ముందు పోగుకు ఆనిస్తాం. దెబ్బ సమంగా ఉంటే గుడ్డ సమంగా ఉంటుంది. దెబ్బ సన్నగిల్లితే పోగులు ఎడమెడంగా పడి ఆ మేర పలచనవుతుంది. మంచి నేతగాడంటే మా వాళ్ళ లెక్కలో చెయ్యి మారనివాడు. ముప్పై ఏళ్ళుగా నాయిన చెయ్యి మారలేదు.

అమ్మ గంజి మార్చింది. నాయిన మగ్గం గుంజలు ఊగుతున్నాయేమోనని మళ్ళీ పాతాడు. నూలు మారిందేమోనని మక్తల్ సంతకు పోయి వేరే చోటి నుంచి తెచ్చాడు. తర్వాతి చీరా తిరిగి వచ్చింది. ఆ సాయంత్రం వాడలో అందరికంటే పెద్ద నేతగాడు వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. నాయినకు నేత నేర్పింది ఆయనే. గుడ్డను వేళ్ళతో తడిమి చూశాడు.

"చెయ్యి పాటెనక పోతదిరా," అన్నాడు. "పడుగు సాగదీశేటప్పుడు ఉషారు పాట పాడుమని మేం ఎందుకంటం? బతుకమ్మ దినాలల్ల నేసిన గుడ్డ సూడు, ఎంత గట్టిగుంటదో. శోకం ఇనుకుంట కొట్టిన దెబ్బ శోకం లెక్కనే వడ్తది."

అక్క పాట మాన్పించడం నాయినకు ఇష్టం లేదు. అది నాకు తెలుసు. కానీ నేను ఆత్మకూరు బడిలో చదువుకున్నవాణ్ణి. ఊరికి రెండు రోజులు ఆలస్యంగా వచ్చే పేపరును అరుగు మీద పెద్దగా చదివి వినిపించేవాణ్ణి. ఊరికే అనుకోవడం ఎందుకు, రుజువు చూద్దామన్నాను.

గజం గజానికి అంచులో ఒక రంగుపోగు పెట్టడం నేతలో మామూలే, ఎంత నేశామో తెలియడానికి. నేను నాయినతో అన్నాను, అత్త పాట మొదలు పెట్టగానే అంచులో ఒక ఎర్రపోగు పెట్టు, ఆపగానే ఇంకోటి పెట్టు, చీర దింపినంక ఎండకు చూద్దాం అని. అత్తకు చెప్పవద్దన్నాను. చెబితే పాట మారుతుందని. నాయిన నన్ను కాసేపు చూసి, "సరే తీ, నీ సదువేం జెప్తదో సూద్దం," అన్నాడు. ఎర్ర నూలు అత్త గంపలోంచే తీసుకున్నాను.

నాలుగు రోజులకు చీర దిగింది. వాకిట్లో నాయిన ఒక చివర పట్టుకున్నాడు, నేను ఇంకో చివర. ఎండకు ఎత్తాం. ఎర్రపోగుల మధ్య ఒక పలచన. మళ్ళీ ఎర్రపోగుల మధ్య ఇంకొకటి. మూడోదీ అంతే. నేను అనుకున్నది అనుకున్నట్టు గుడ్డ మీద రాసి ఉంది.

అప్పుడు చూశాను, నాలుగోది. నా చేతికి దగ్గరలో, చీర మొదట్లో. అక్కడ ఎర్రపోగు లేదు. ఆ మేర నేసిన రోజు పొద్దున అత్త నీళ్ళకు పోయి ఉంది, కొట్టంలో పాట లేదు. నేను గుడ్డను ఇంకో రెండు మడతలు పిడికిట్లోకి లాక్కున్నాను. నాలుగోది నా పిడికిట్లోకి పోయింది.

ఎందుకు చేశానంటే, ఆ క్షణంలో అది అబద్ధం అనిపించలేదు. మూడు సరిపోయాయి కదా, ఇది నూలులో ఏదో తప్పు అనుకున్నాను. తర్వాత పత్రికలో చేరినప్పుడు, నాకు పని నేర్పిన పెద్దాయన నా మొదటి వార్తను వెనక్కిస్తూ, నీ కథకు అడ్డం వచ్చే సంగతి ఏదుంటే అది ముందు పెట్టి మళ్ళీ రాసుకు రమ్మన్నాడు. ఆ మాట వినగానే నాకు వాకిట్లో ఎండ, నా పిడికిలి గుర్తొచ్చాయి. అప్పటికి ఆలస్యమైంది.

నాయిన మూడింటినీ చూశాడు. గుడ్డ దించి, "గట్లనా," అన్నాడు. మర్నాడు పొద్దునే మగ్గం ఆపి ఆ మాట అన్నాడు.

పాట పోయాక కొట్టంలో రెండు మగ్గాలూ వేటికవే ఆడడం మొదలుపెట్టాయి. ఆయన దెబ్బ ఒకచోట, నా దెబ్బ ఇంకోచోట. అంతకు ముందు అవి ఎప్పుడు కలిసేవో నేను పట్టించుకోలేదు. కలవడం మానేశాక చెవికి తగిలింది. మధ్యాహ్నం ఆడవాళ్ళు వచ్చి గడపలో కూర్చుని, కాసేపు చూసి లేచిపోయేవాళ్ళు. ముసలామె కోడలు అడిగింది.

"ఏందొదినా, గొంతు వోయిందా?"

"గొంతున్నది. పాటకే జాగా లేదు," అంది అత్త.

"మా అత్త దినాం అడుగుతున్నది. మల్ల మొదలువెట్టింది ఇంట్ల గిన్నెలిసురుడు."

"గిన్నెలు దాసిపెట్టు," అంది అత్త, కండె మారుస్తూ. ఆ కోడలు నవ్వలేదు.

తర్వాతి రెండు చీరలకూ ముద్ర పడింది. నాయిన ఇంటికి వచ్చి నా భుజం తట్టాడు. మూడో చీరలో పలచన మళ్ళీ వచ్చింది. కొట్టంలో పాట లేదు, మాట కూడా లేదు, అయినా వచ్చింది. నాయిన దాన్ని ఎవరికీ చూపలేదు. మగ్గం దింపి, మడిచి, అమ్మకు ఇచ్చి కట్టుకోమన్నాడు. నేను చూశానని ఆయనకు తెలుసు. అత్తను పిలిచి పాడుకో అని చెప్పవలసిన రోజు అదే. ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

మరుసటి ఏడు నేను పట్నం పోయాను. ఒక పత్రికలో ప్రూఫులు దిద్దే పని దొరికింది. ఏడాది తిరగకముందే ఇంటి నుంచి కార్డు వచ్చింది, నాయిన కుడిచెయ్యి భుజం పైకి లేవడం లేదని. పాలమూరు పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు ఆయన చేతిని పట్టి తిప్పి, భుజం కండను వేళ్ళతో ఒత్తి, ఎన్నాళ్ళ నుంచి అని అడిగాడు.

"నొప్పి లేకుండె సారూ," అన్నాడు నాయిన. "నడుమ నడుమ దెబ్బ జారుతుండె. గంతే."

ఇది నిన్న మొన్నటిది కాదని, నరం చితికి కండ తగ్గుతూ వచ్చి రెండు మూడేళ్ళయి ఉంటుందని డాక్టరు అన్నాడు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. మొదటి చీర తిరిగొచ్చిన నాటికి సరిపోతుంది. అయితే ఒక మాట చెప్పాలి. మూడు పలచనలు పాట ఉన్నప్పుడే వచ్చిన మాట కూడా నిజమే. అలసిన భుజం ఆ రాగానికి ఇంకొంచెం ఎక్కువ జారేదేమో. దాన్ని నేను కాదనలేను.

దవాఖాన నుంచి వచ్చిన మర్నాడు నాయిన కొట్టంలో, ఆడని మగ్గం మీద కూర్చున్నాడు. అత్త నా మగ్గానికి, అంటే అప్పటికి కూలికి నేసే మనిషి ఆడిస్తున్న మగ్గానికి, కండెలు చుడుతోంది.

"అక్కా, జర ఆ పాటొకటి అను," అన్నాడు.

"సెయ్యి లేదు, గుడ్డ లేదు. ఇగ పాటెందుకు తమ్మీ," అంది ఆమె. కోపంగా అనలేదు. నన్ను బువ్వ తినమని మందలించేటప్పుడు ఎలా ఉండేదో గొంతు అలాగే ఉంది. నాయిన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆ ఎండాకాలమే కేతేపల్లి నుంచి అత్త బావగారు, అంటే ఆమె భర్త అన్న, వచ్చాడు. ఆ మనిషి షోలాపూర్ పోయి పన్నెండేళ్ళు నిండాయి. పన్నెండేళ్ళు కబురు లేకపోతే దర్భతో బొమ్మ కట్టి, దానికే కర్మ చేసి, మనిషి పోయినట్టు ఒప్పుకోవాలి. అప్పటిదాకా ఆ ఇంట్లో శుభకార్యం నడవదు. ఆయన కొడుక్కి సంబంధం కుదిరి ఉంది.

"మాకు మాత్రం సంబురమా?" అన్నాడాయన నాయినతో. "సొంత తమ్ముడు. ఎన్నేండ్లు సూస్తం? పిల్లగాండ్ల పెండ్లిండ్లు ఆగిపాయె. మా మరదలు వచ్చి కూసుంటె సాలు, కడ్మదంత మేం సూసుకుంటం."

నాయిన అక్కవైపు చూశాడు. ఆమె, "పోదాం తీ," అంది.

నేను పట్నం నుంచి నేరుగా కేతేపల్లి పోయాను. బస్సు దిగి వాళ్ళ ఇంటికి పోతే గడప పక్కన, గోడకు ఆనించి, ఒక జత తోలు చెప్పులు కనబడ్డాయి. తోలు ఎండి పైకి వంకర తిరిగి ఉంది. పాటలో చెప్పులు పాట కోసం కల్పించినవి అనుకునేవాణ్ణి ఇన్నేళ్ళూ. వాకిట్లో దర్భబొమ్మను పడుకోబెట్టి, ఎవరో ఆ చెప్పుల్ని తెచ్చి దాని కాళ్ళ దగ్గర పెట్టారు. అత్త వాటిని చూసింది. కొంగుతో రెండింటి దుమ్మూ తుడిచి మళ్ళీ అక్కడే పెట్టింది.

ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. ఇటువంటి చోట శోకం భార్య ఎత్తుకోవాలి. ఆమె మొదటి పిలుపు పిలిచాకే మిగతావాళ్ళు గొంతు కలుపుతారు. అంతకు ముందు ఎవరూ ఏడ్వకూడదు. ఆమె గొంతు గురించి ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. పొరుగూళ్ళ నుంచి కూడా వచ్చారు. ఒకామె కొంగు ముందే ముఖం దగ్గర పట్టుకొని ఉంది.

అత్త పిలవలేదు. బొమ్మవైపు చూస్తూ కూర్చుంది. పురోహితుడు ఒకసారి దగ్గాడు. ఆమె తోడికోడలు వంగి, "చెల్లే, ఎత్తుకో. పొద్దువోతాంది," అంది. అత్త పెదాలు బిగించి ఉన్నాయి. గొంతు మాత్రం కదిలింది. పిలుపు దగ్గర ఆమె లోలోపల నడిపే ఆ రాగం ఏమైనా వస్తుందేమోనని చెవి పెట్టాను. ఏమీ వినబడలేదు. చివరికి తోడికోడలే శోకం ఎత్తుకుంది. నలుగురు గొంతు కలిపారు. కళ్ళు పొడిగానే ఉన్నాయి. కొంగు పట్టుకున్న ఆమె దాన్ని మెల్లగా దించుకుంది. గాజులు తీసే వేళకు అత్త రెండు చేతులూ తనే ముందుకు చాపింది.

"ఏం గుండెనే అది! రాయి గూడ నయం," అని వెనక ఎవరో అన్నారు. "ఇన్నేండ్లు పుట్టింట్ల కూసొని తిన్నంక ఏడ్పెందుకొస్తది?" అని ఇంకొకరు. నాయిన విన్నాడు. ఆయన పడిపోయిన చెయ్యిని ఎడమచేత్తో పట్టుకొని కూర్చున్నాడు.

మళ్ళీ మా ఊరు వచ్చాక ఒక మధ్యాహ్నం, ఆమె జొన్నలు చెరుగుతుంటే, పక్కన కూర్చుని చెప్పాను. నాలుగో పలచన సంగతి, నా పిడికిలి సంగతి, డాక్టరు చెప్పిన మాట. చెప్పి, "పాటది తప్పు లేకుండె అత్తా," అన్నాను.

"నాకెరుకేరా అల్లుడా," అంది, చాట ఆపకుండా. "ఎర్రనూలు నా గంపలకెల్లి పోతే నాకు తెల్వదా? ఇంట్ల ఎర్రంచు నేస్తలేరు. గుడ్డ దిగినంక అంచు సూసిన. నాలుగోది గూడ సూసిన."

"మరి నాయినకెందుకు చెప్పలే?"

"వానికి సెయ్యి వోతాందని సెప్పాల్నా? పాట వోయిందంటె సరిపాయె గదా, గప్పటికి."

అడగవలసింది ఇంకొకటి ఉంది, అడిగాను. కేతేపల్లిలో ఎందుకు పిలవలేదని. మా కోసం పాట ఆపేసి ఆపేసి ఇక రాలేదా, లేక వచ్చినా పిలవకూడదనుకుందా అని.

ఆమె చాటలో రాళ్ళు ఏరి పక్కన పెట్టింది. జొన్నలు గుమ్మరించి, ఇంకో చాటెడు పోసుకొని చెరగడం మొదలుపెట్టింది. నేను రెండోసారి అడగలేదు.

ఎర్రపోగులు పెట్టిన ఆ చీరలోంచి ఒక గజం ముక్క నా దగ్గర ఉంది. ఆ పోగులు వెలిసి గులాబీ రంగుకు వచ్చాయి. తర్వాత పత్రిక పని మీద షోలాపూర్ రెండుసార్లు పోయాను. మన నేతగాళ్ళ పేటల్లో అడిగాను. అలాంటి మనిషిని ఎరుగుదుమన్నవాళ్ళు దొరికారు, బొంబాయి పక్క భీవండిలో ఉన్నాడన్నవాళ్ళు దొరికారు. ఆయన పోయాడని చెప్పినవాళ్ళు మాత్రం ఇప్పటిదాకా ఒక్కరూ లేరు.